మూడో వేలి మందం

మా అన్న భిక్షం గురించి చెప్పమంటే నాకు ముందు కోపమే వస్తుంది. మిగతావన్నీ ఆ తర్వాతే. ఈ సంగతి జరిగేనాటికి ఆయనకు యాభై రెండేళ్లు. చేతిలో కట్టె చెక్కే బాడిశ ఉంటే నోట్లో మాట ఉండదు. మేముండేది ఒకే ఇంట్లో. అన్నం చల్లారిపోతోందని నేను పదిసార్లు పిలిస్తే, పదకొండోసారికి టేకు చెక్కను గోటితో గీకి వాసన చూస్తూ వచ్చేవాడు. నేను గూడూరు బడిలో సైన్సు టీచర్ని. నా పేరు భూదేవి, ఓర్పు మాత్రం పేరులోనే ఉంది. ఆయన ఒక్క మాట అనేలోపు నేను ఇరవై అంటాను. మేమిద్దరం ఒక్క తల్లి పిల్లలమంటే కొత్తవాళ్లు నమ్మరు.

మేము వడ్లవాళ్లం, వడ్రంగం మా కులవృత్తి. నాయిన కాలంలో ఇనుమంటే పనిముట్లకే. రెండు దూలాలు అతకాలంటే ఆయన కట్టెలోకి కట్టెను దూర్చి, కట్టె సీల కొట్టి, అతుకు కింద ఒక స్తంభం నిలబెట్టేవాడు. అన్న వయసులో ఉన్నప్పుడు జనగామలో ఒక మిల్లు షెడ్డు పనికి పోయాడు. అక్కడ కొత్త పద్ధతి నేర్చుకొని వచ్చాడు. దూలాల కొసలు రెండూ ఆనించి, అటొకటి ఇటొకటి ఇనుప పట్టీలు పెట్టి బోల్టులు బిగిస్తే చాలు. కింద స్తంభం అక్కర్లేదు, ఇంటి నడుమ అడ్డం ఉండదు. మా దగ్గర తండాల్లో పదిమంది కూర్చొని మాట్లాడుకోవడానికి పెద్ద అర్ర కావాలి. అందుకని ఈ పనికి ఎగబడ్డారు. గృహప్రవేశం నాడు ఆ ఇనుప పట్టీలకే పసుపు కుంకుమ పెట్టి దండం పెట్టేవారు. అన్న అలాంటి ఇళ్లు పదకొండు కట్టాడు. వాటిలో మొదటిది కొత్తగూడ దారిలో ఉన్న తండాలో హీర్యా ఇల్లు.

హీర్యా, మా అన్న ఎప్పుడూ ఇంటాయన, పనివాడు అన్నట్టు ఉండలేదు. ప్రతి ఏడూ తన మొక్కజొన్న చేనులో మొదటి మక్క కంకులు కోసి సైకిలు మీద తెచ్చి మా ఇంట్లో దింపి పోయేవాడు. హీర్యా భార్య గంగి అయితే అన్నను చూస్తే చాలు, చాయ్ పెట్టి, తాగేదాకా కదలనిచ్చేది కాదు.

రెండు వేల పదకొండు ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం పొయ్యిలోంచి లేచిన నిప్పురవ్వ మేతకని అటక మీద పేర్చిన ఎండు మక్క సొప్పలో పడింది. అందరూ బయటికి వచ్చేశారు. గంగి కూడా వచ్చేసింది. వచ్చాక గుర్తొచ్చింది, అర్ర మూలన మేకపిల్లను కట్టేసి ఉందని. ఎవరు పట్టుకున్నా ఆగకుండా మళ్లీ లోపలికి పోయింది. తాడు విప్పింది. అప్పుడే పెద్ద దూలం అతుకు దగ్గర విడిపోయి కింద పడింది. మేకపిల్ల దుమికి బయటపడింది. గంగి కుడికాలు దూలం కింద నలిగింది.

మర్నాడు పొద్దున్నే అన్న సైకిలెక్కి తండాకు పోయాడు. గంగి అప్పటికి వరంగల్ దవాఖానాలో ఉంది. ఆయన అటు పోలేదు. కూలిన ఇంట్లో బూడిద మధ్య గొంతుక్కూర్చొని బాడిశతో దూలాన్ని చెక్కుతున్నాడు. దవాఖానాకు బట్టలు తీసుకుపోవడానికి వచ్చిన హీర్యా అది చూశాడు.

"నా పెండ్లాం దవాఖానల ఉంటే నువ్వు కట్టెను చూడనీకి వచ్చినవా అన్నా?" అన్నాడు.

అన్న లేచాడు. ఏదో ఒకటి అని ఉంటే బాగుండేది. బాడిశ సంచిలో పెట్టుకొని వచ్చేశాడు. ఆ రోజు నుంచి హీర్యా మా గడప తొక్కలేదు.

నేను ఊరుకున్నానా? ఇంటికి రాగానే పట్టుకున్నాను. ఆడమనిషి కాలు పోయి పడుంటే పలకరించకుండా బొగ్గులు చెక్కడమేంటని దులిపేశాను. అంతా విని, ఆయన సంచిలోంచి రెండు ముక్కలు తీసి నా ముందు పెట్టాడు. ఒకటి దూలం నడుమ నుంచి కోసింది. పైన రెండు వేళ్ల మందం నల్లగా బొగ్గు, దాని కింద ఇప్పుడే కోసిన టేకులా పచ్చిగా ఉంది, వాసన కూడా పోలేదు. రెండోది అతుకు దగ్గరిది. పైన ఇనుప పట్టీ ఉన్నచోట, బోల్టు దూరిన రంధ్రం చుట్టూ, ఈ కొస నుంచి ఆ కొస దాకా బొగ్గే. వేలు పెడితే పొడిగా రాలింది.

"దూలం కాలి పడలే చెల్లె," అన్నాడు. "బొగ్గు పైన పొరలెక్క అయితే, లోపటి కట్టెను అదే కాపాడుకుంటది. ఇనుము మండలే. మంటను లోపటికి తోలుకపోయింది."

నేను నవ్వాను. ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది కాని నవ్వాను. ఇనుము మండదు, కట్టె మండుతుంది, ఇది ఆరో తరగతి పిల్లలకు కూడా తెలుసు, నీ చేతి పని చెడితే ఇనుము మీద నెడతావేంటి అన్నాను. పదిహేనేళ్లు పాఠం చెప్పినదాన్ని, ఇనుపగరిటె కూరలో వదిలేస్తే పిడి పట్టుకోలేమని నాకు తెలియదా? తెలుసు. కాని పుస్తకంలో ఉన్నది దూలంలో కనిపించలేదు నాకు.

రెండు నెలలకు గంగి కర్ర ఊతంతో ఇంటికి వచ్చింది. అప్పటికి హీర్యా ఇల్లు మళ్లీ నిలబెట్టాడు. అన్నను పిలవలేదు. ఎలా నిలబెట్టాడో విన్నాక అన్న ఆ పూట అన్నం ముట్టలేదు. హీర్యా ఆ దూలాలనే బొగ్గు చెక్కించి, అతుకు దగ్గర పాడైన కొసలు కోయించి, అర్రను కొంచెం చిన్నది చేసుకున్నాడు. బూడిదలోంచి ఆ ఇనుప పట్టీలనే ఏరి, కమ్మరి దగ్గర సాపు చేయించి, మళ్లీ వాటినే బిగించాడు. కాలింది కట్టె, ఇనుముకు ఏమీ కాలేదు కదా, దాని తప్పేముంది అన్నాడట. సరిగ్గా నేనన్న మాటే. గంగి ఇప్పుడు కుంటికాలితో ఆ పట్టీల కిందే పడుకుంటోంది. అన్నకు ఆ ఒక్క సంగతే పట్టుకుంది.

ఆయన లెక్క ఇది. మక్కలు కోతకొస్తాయి, దీపావళి దాటగానే సొప్ప మళ్లీ అటకలెక్కుతుంది. ఆలోపు పదకొండు ఇళ్లలో అతుకులకు కట్టె కప్పాలి. ఇనుప పట్టీలకు రెండు పక్కలా, కింద కూడా, రెండు వేళ్ల మందం టేకు చెక్క. బోల్టు తలలు లోపలికి పోయేటట్టు తొలిచి, వాటి మీద కట్టె బిరడాలు. చెక్కను పట్టి ఉంచడానికి మేకులు కూడా వాడడు, కట్టె సీలలే. ఎక్కడా గాలి దూరే సందు ఉండకూడదు.

ఇంతలో తెలంగాణ కోసం సకల జనుల సమ్మె వచ్చింది. బడికి తాళం పడింది. బస్సులు డిపోల్లోంచి కదల్లేదు. నేను పొద్దున దీక్షా శిబిరంలో కూర్చొని మధ్యాహ్నానికి ఇంటికి వచ్చేదాన్ని. మా ఆయన భూపాలపల్లి బొగ్గుబాయిలో పనిచేస్తాడు, ఆయనా సమ్మెలోనే, ఇంట్లోనే. అన్న కూడా తలుపులు, కిటికీల పనులన్నీ ఆపేసి, నాది కూడా సమ్మే అన్నాడు. నీ సమ్మె ఎవరి మీద అని వెక్కిరించాను. నా మీదనే అన్నాడు.

ఆ మాటతో నాకు మొదటిసారి భయమేసింది. పదకొండు ఇళ్లూ తన చేత్తో కట్టినవే. ఏ ఇంట్లో ఎవరి మీద ఏ దూలం పడుతుందో అని మనిషి లోపల లోపల కాలిపోతున్నాడని అప్పుడు తెలిసింది.

మా ఆయన ఆ రోజు ఒక మాటన్నాడు. వెనకట బాయిలో కప్పుకు కట్టె మొద్దులు నిలబెట్టేవారట. "కట్టె విరగబోయే ముందు చప్పుడు చేస్తది బావా. మనిషి ఉరకనీకి జర టైము ఇస్తది," అన్నాడు.

"ఇల్లు కాలకుండ నేనేం చేయలేను. టైము ఇయ్యగల్త," అన్నాడు అన్న.

కట్టె ఎక్కడిది అనుకున్నారు? మా ఇంటి తలుపులకని ఆయన పదేళ్లుగా నీడలో ఆరబెట్టి దాచుకున్న టేకు. ఊరందరికీ తలుపులు చేసిన మనిషి ఇంటికి వెనక తలుపు లేదు, చీర కట్టి ఉండేది. ఆ టేకునే కోశాడు. బస్సులు లేవు కనక చెక్కలు సైకిలుకు కట్టుకొని, తోసుకుంటూ, తండా తర్వాత తండా తిరిగాడు. బడి లేదు కదా, నేనూ వెంట పోయేదాన్ని. పోతే ఏం, ప్రతిచోటా అదే నవ్వు. మంట నుంచి కాపాడడానికి ఇనుము మీద కట్టె కప్పుతావా, నీకేమన్నా ఎక్కిందా అన్నారు. చెదలు పడుతుందన్నారు. ఇల్లు అందం పోతుందన్నారు. కొందరు, భిక్షమన్న ముఖం చూసి కాదనలేక సరే అన్నారు. సమ్మె నాలుగో వారానికి పది ఇళ్లు పూర్తయ్యాయి.

పదకొండో ఇంటికి పోయిన రోజు హీర్యా ఇంటి ముందరి మట్టి కట్ట దగ్గరే కర్ర అడ్డం పెట్టి నిలబడ్డాడు. ఈ ఇంట్లో వడ్లాయన పని ఏమీ మిగల్లేదన్నాడు. అన్న సైకిలు పట్టుకొని తల దించుకున్నాడు. నేను మాత్రం నోటికొచ్చినట్టు తిట్టాను, మంచం మీద కూర్చున్న గంగి అంతా వింటోంది. తిరిగి వచ్చే దారి పొడుగునా అన్న నన్నే కోప్పడ్డాడు. ఆ మనిషి కోపానికి న్యాయం ఉంది, నువ్వెందుకు నోరు చేసుకుంటావని. దారి పక్క చేన్లలో మక్క కంకులు ఎండి వేలాడుతున్నాయి. కోతకు వారం, పది రోజులు ఉంది.

దసరా పోయాక గూడూరులో వంటావార్పు పెట్టారు. రోడ్డు మీదే రాళ్లు పేర్చి పెద్ద పొయ్యి, దాని మీద వరసగా పెద్ద పెద్ద వంట గంజులు, ఊరూ తండాలూ కలిసి వండుకొని అక్కడే తినడం. బండ్లు ఆగిపోతాయి, ఆగాలనే కదా పెట్టేది. పొద్దున్నే అన్న రెండు చిన్న దూలాలు మోసుకొచ్చాడు. రెండింటికీ నడుమ అతుకు, రెండింటికీ ఒకే రకం ఇనుప పట్టీలు, బోల్టులు. పట్టీలకు గృహప్రవేశానికి పెట్టినట్టే పసుపు పెట్టాడు. ఒకదాని అతుకు అట్లాగే వదిలేశాడు. రెండోదానికి రెండు వేళ్ల టేకు కప్పాడు. వంటవాళ్లను బతిమాలి పొయ్యి ఒక కొస అడిగి తీసుకున్నాడు. దూలాల కొసలు అటూ ఇటూ రాళ్ల మీద ఆనించి, నడుమ కింద మంట ఉండేటట్టు పెట్టి, ఒక్కోదాని మీద మూడేసి బండరాళ్లు ఎత్తాడు. జనం మూగారు. సాంబారులోకి కట్టె ముక్కలు కూడా వేయమన్నారు ఎవరో, అందరూ నవ్వారు. నాకు ఒళ్లు మండింది. అన్న పొయ్యి దగ్గర కూర్చొని మంట సర్దుతున్నాడు, ఎవరి మాటా వినబడనట్టు.

హీర్యా తండావాళ్లు ట్రాక్టరు మీద బియ్యం, టమాటాలు తెచ్చారు. గంగి కూడా వచ్చింది. కర్ర పక్కన పెట్టుకొని ఆడవాళ్లతో పాటు కూర్చొని టమాటాలు కోస్తోంది. హీర్యా మా వైపు రాలేదు, దూరంగా నిలబడి చూస్తున్నాడు.

మొదటి గంజు అన్నం ఇంకా దించలేదు. కప్పు లేని దూలం దగ్గర టక్కుమని ఒక చప్పుడైంది. వెంటనే అతుకు జారి, దూలం రెండుగా విడిపోయి, బండలు మూడూ నిప్పుల్లో పడ్డాయి. జనం వెనక్కి దుమికారు. నవ్వులు ఆగిపోయాయి.

గంగి చేతిలో టమాటా అట్లాగే ఉండిపోయింది. తమ భాషలో హీర్యాతో ఏదో అంది. తర్వాత అందరికీ వినపడేటట్టు తెలుగులో చెప్పింది.

"ఆ రోజు గిదే చప్పుడు. ముందు టక్కుమన్నది, నేను పైకి చూసిన. కట్టె విరిగిన చప్పుడు కాదు గది."

హీర్యా వచ్చి రెండో దూలం దగ్గర కూర్చున్నాడు. రెండో గంజు దించారు, మూడో గంజు ఎక్కించారు, సాంబారు ఉడికింది. కప్పు టేకు పైన నల్లబడి పగుళ్లు పట్టింది కాని బండలు కదల్లేదు. గంట దాటింది. అందరూ విస్తళ్ల ముందు కూర్చున్నాక అన్న దూలాన్ని పక్కకు లాగి, నీళ్లు చల్లి, బాడిశతో కప్పు ఊడదీశాడు. బొగ్గు పొరలు రాలాయి, కింద పలుచగా మిగిలిన టేకు, దాని కింద ఇనుము. పట్టీ మీద పసుపు ముదురు రంగుకు తిరిగింది కాని ఇంకా ఉంది. బోల్టు చుట్టూ కట్టె గట్టిగా ఉంది. హీర్యా ఆ పసుపు మీద వేలు పెట్టి, వేడికి వెంటనే తీసుకొని, ఆ వేలినే చూసుకుంటూ కూర్చున్నాడు. నాకు ఏడుపొచ్చింది. నా అన్నను అందరికంటే ముందు ఎగతాళి చేసింది నేనే కదా.

"రేపు రా అన్నా," అంది గంగి.

మర్నాడు పోయాం. కట్ట దగ్గర కర్ర అడ్డం లేదు. అన్న నేరుగా దూలం దగ్గరికి పోతాడనుకున్నాను. పోలేదు. ముందు గంగి దగ్గరికి పోయి, లోపలి మూల నుంచి వాకిలి దాకా ఒకసారి నడవమన్నాడు. ఎందుకని అడగకుండా ఆమె కర్ర పట్టుకొని లేచింది. కర్ర, కాలు, కర్ర, కాలు. గడప దగ్గర ఆగి, తలుపు పట్టుకొని, కాలు ఎత్తి అవతల పెట్టి. అన్న పెదాలు కదుపుతూ లెక్క పెట్టాడు. మళ్లీ వెనక్కి మూల దాకా పోయి, అక్కడ వంగి తాడు విప్పినట్టు చేసి, మళ్లీ రమ్మన్నాడు. గంగి ఆయన వంక ఒక్క క్షణం చూసింది. తర్వాత అట్లాగే చేసింది. వంగడానికి, లేవడానికి ఆమెకు చాలా సేపు పట్టింది. మేకపిల్లను ఎత్తుకున్నట్టు ఒక చెయ్యి గుండెకు ఆనించుకొని బయటికి వచ్చింది. ఆ మేకపిల్ల అప్పటికి పెద్దదై వాకిట్లో చింతాకు మేస్తోంది.

అన్న చెక్కలు తీశాడు. అవి మిగతా పది ఇళ్లలో వేసినవాటి కంటే మందంగా ఉన్నాయి. మూడు వేళ్లు. రెండు వేళ్లకే గంట పైన ఆగింది కదా, ఆమె ఎంత మెల్లగా నడిచినా అన్ని నిమిషాలు పట్టదు కదా, ఉన్న కాస్త టేకు ఎందుకు పాడుచేస్తావు అని అడిగాను. నా లెక్క నాది.

"లెక్కకు రెండు చాలు చెల్లె," అన్నాడు. "మంట ఎప్పుడంటుకున్నదో చూసుకునేటోళ్లు ఉండరు. అన్ని బయటికి తెచ్చినంక గంగికి ఇంకోటి యాదికొస్తది. మల్ల లోపటికి పోతది. మూడో వేలు దానికి."

గంగి గోడకు ఆనుకొని నిలబడి ఉంది. ఇంకెవరైనా అయితే మళ్లీ లోపలికి పోను అనేవారు. ఆమె అనలేదు.

"పోత అన్నా," అంది.

అన్న నిచ్చెన వేశాడు. హీర్యా వచ్చి దాన్ని పట్టుకున్నాడు. ఒక పక్క చెక్క బిగిసింది, రెండో పక్క బిగిసింది. కింది చెక్కకు సీల కొడుతుంటే హీర్యా తల ఎత్తకుండా అన్నాడు.

"ఆ రోజు నువ్వు కట్టెను చూడనీకి రాలే గద."

అన్న చెయ్యి ఆగింది. అబద్ధం చెప్పినా ఆ పూటకు సరిపోయేది. ఆయనకు అది రాదు.

"కట్టెనే చూసిన హీర్యా. గంగిని చూసే ధైర్యం లేకుండె నాకు."

గంగి కర్ర టకటకమంటూ నిచ్చెన దగ్గరికి వచ్చింది. మొహం పైకెత్తి, ఆయనకు పూర్తిగా కనిపించేటట్టు నిలబడింది.

"ఇప్పుడు చూడు," అంది.

అన్న నిచ్చెన మీంచి కిందికి చూశాడు. ఎంతసేపు చూశాడో నేను లెక్క పెట్టలేదు. తర్వాత సీల కొట్టడం పూర్తి చేసి దిగి, ఆమె పెట్టిన చాయ్ తాగాడు. ఆ ఏడు హీర్యా ఇంట్లో మక్క సొప్ప దీపావళి దాటిన నాలుగో రోజున అటకెక్కింది. మొదటి కంకులు మాత్రం కొంచెం ఆలస్యంగా, ఎండిపోయినవే, సైకిలు మీద మా ఇంటికి వచ్చాయి.